అద్దపు దీక్ష

ఆ ఉదయం స్నానం ముగించిన నవ్య ఒక దీక్ష వహించింది. దంతవైద్యంలో ఆమెది రెండవ సంవత్సరం. రోగికి బదులు ఉంచే బొమ్మతల నోటిలోని పై దవడ పన్నును తొలిచి పూడ్చే పరీక్షలో తప్పింది. పై పన్ను సూటిగా కనబడదు. నోటిలో చిన్న అద్దముంచి, ప్రతిబింబాన్ని చూస్తూ పనిచేయాలి. ఆమె చేయి ప్రతిసారీ ఎదురు దిక్కుకు పోయేది. మళ్ళీ తప్పితే, తోటివారంతా పై తరగతికి పోగా తానొక్కతే మిగిలిపోతుంది. ఏ గురువూ ఆదేశించలేదు. తన లోపాన్ని తానే ఎరిగి, తనకు తానే నియమం విధించుకున్నది: పరీక్ష వరకు ఏ పనైనా అద్దంలో చూసే చేయాలి.

మొదటి పని హారతి. స్వామి పటానికి వీపు చేసి నిలిచి, ఎడమచేత అద్దం పట్టి, కుడిచేత హారతిని భుజం వెనుకకు చాచింది. చేయి అటు పోవలసింది ఇటు పోయి, పూలదండ కొస కాలింది.

“దేవునికి ఈపు సూపెడ్తానవేందే!” నాయనమ్మ సమ్మమ్మ బిత్తరపోయింది.

“దేవుణ్ణే సూస్తాన్న నాయనమ్మా, అద్దంల.”

“ఓ పాండురంగం! జర ఉరికి రా! పిల్లకు ఏదో గాలి సోకింది!”

హనుమకొండలో ఫ్యాన్సీ దుకాణం నడిపే పాండురంగానికి గాలి సోకడాలపై నమ్మకం లేదు. లోపం కూతురి చూపులోనే ఉన్నదని నిశ్చయించి, ఆమె మాట వినకుండానే ఆటో ఎక్కించి కంటి దవాఖానకు తీసుకుపోయాడు. కళ్ళలో దోషం లేదని డాక్టరు చెప్పగా మరింత కుంగిపోయాడు.

“కండ్లు మంచిగనే ఉన్నయంటే... బిడ్డా, మనసుల ఏమన్న పెట్టుకున్నవా? చెప్పు, నేనేమనను.”

“పరీక్ష పెట్టుకున్న బాపూ!” అని ఏడ్చి, నవ్య జరిగినదంతా వివరించింది.

“గింతేనా? ఫికర్ చెయ్యకు. నువ్వొక్కదానివే ఎందుకు కష్టపడాలె? ఇంటిల్లిపాదీ పడ్దం దీక్ష!”

సాయంత్రానికి దుకాణంలోని అద్దాలన్నీ ఇంటి గోడలపై వెలిశాయి. నవ్యకు ఎవరూ ఎదురుపడరాదని, పడితే వ్రతభంగమని సమ్మమ్మ శాసించింది. అన్నం కూడా వెనుక నుండే వడ్డించారు. పెరుగు తోడు కోసం వచ్చిన పొరుగింటి సోమక్కను సైతం గోడవైపు తిప్పి నిలబెట్టారు. తండ్రీబిడ్డలు ముఖాలు చూసుకోనంతగా పగబట్టారని ఆమె వాడంతా చెప్పింది. రాజీ కుదర్చడానికి వాడపెద్ద వెంకట్రాజం వచ్చి, అద్దంలోని తన ముఖానికే చాలాసేపు హితబోధ చేసి వెళ్ళాడు.

నవ్య సాధన మాత్రం ఫలించింది. పరీక్షనాడు ఏ పన్నో తేల్చే చీటీ తీయగా కింది దవడ పన్ను వచ్చింది. అది అద్దం లేకుండానే ఎదుట కనబడుతున్నది. ఆమె సూటిగా చూసింది; పన్నును తాకకముందే చేయి ఎదురు దిక్కుకు జరిగింది. మళ్ళీ సవరించుకున్నది, మళ్ళీ అటే. చివరకు బొమ్మతల నోటిలో అద్దముంచి, పని మొదలుపెట్టింది.

“కింది పన్నుకు అద్దమెందుకమ్మా? కనవడ్తనే ఉన్నది గద!” అన్నాడు పరీక్షాధికారి రాజేశ్వర్ రావు.

“కనవడ్తాంది సార్. అందుకే చేతనైతలేదు.”

ఆమె పని ముగిసేదాకా ఆయన పక్కనే నిలిచి చూశాడు. పూడిక అంచులను శ్రద్ధగా పరిశీలించాడు.

“పనికి వంక లేదు. కని రేపు పేషెంటు వస్తే, మొఖం జూసి మాట్లాడుతవా లేదా తల్లీ?” అంటూ సంతకం చేశాడు.

నవ్య ఉత్తీర్ణురాలైంది. సూటిగా చూడడం నేర్చుకునేందుకు మరునాడే కొత్త నియమం విధించుకున్నది. ఈసారి దానిని ఇంట్లో ఎవరికీ తెలియనివ్వలేదు.