గడువు తీరిన నాన్న

మధ్యాహ్నం భోజనాల వేళ ఫోన్‌లోని సర్టిఫికెట్ గడువు తీరిపోవడంతో యుగంధర్, యుగంధర్ కాకుండా పోయాడు. విశాఖపట్నంలో మనుషుల్ని ముఖం చూసి గుర్తుపట్టడం మానేసి చాలాకాలమైంది కాబట్టి క్యాంటీన్‌లో ఎవరూ కంగారు పడలేదు. పక్కన కూర్చున్నవాడు తన క్యారేజీని కాస్త దూరం జరుపుకున్నాడు, అంతే.

ఇది మొదట మెయిల్ సర్వర్ల పద్ధతి. ఎవరు తలుపు తట్టినా సర్వర్ సర్టిఫికెట్ అడుగుతుంది. దానికి జతగా, యజమాని దగ్గర మాత్రమే ఉండే రహస్య తాళంచెవి ఉందా అని చూస్తుంది, తేదీ చూస్తుంది. ఏది తేడాగా ఉన్నా కనెక్షన్ తెంచేస్తుంది, కారణం చెప్పదు. చెబితే దొంగలకు పనికొస్తుందట. ఆ కోడ్ రాసింది యుగంధరే. బాగా పనిచేస్తోందని తర్వాత మనుషులకూ పెట్టారు.

కొత్త సర్టిఫికెట్ కావాలంటే మెయిల్ పెట్టాలి. మెయిల్ వెళ్లాలంటే సర్టిఫికెట్ ఉండాలి. లేనివాళ్లు సర్టిఫికెట్ల కార్యాలయం వసారాలో కూర్చుంటే రెండ్రోజుల్లో ఎవరో ఒకరు పలుకుతారు. మామూలుగా అయితే అతనూ వెళ్లి కూర్చునేవాడే. కానీ భార్య ఊళ్లో లేదు. ఆరేళ్ల మేధ సాయంత్రం బడి గేటు దగ్గర ఎదురుచూస్తుంది. ఎవరూ రాని పిల్లల్ని వసతిగృహానికి పంపేస్తారు. అక్కణ్ణుంచి వెనక్కి తెచ్చుకోవడం నెలల పని.

ఆఫీసులో పక్క సీటు హైమవతి దగ్గరికి వెళ్లాడు. వర్షాకాలంలో ఒకసారి ఆవిడే పాపను తీసుకొచ్చింది. పిల్లను తీసుకెళ్లేవాళ్ల జాబితాలో బడి దగ్గర ఆవిడ పేరుంది.

“హైమగారూ, నేను యుగంధర్‌ని.”

“ఆయన భోజనానికెళ్లారండి. తమరెవరు?”

“పాపని తీసుకురావాలి. నాది గడువైపోయింది.”

హైమవతి అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. “మీరెవరో నాకు తెలీదు. ఆయనకైతే నెల్నాళ్లుగా చెప్తున్నాను, రెన్యూ చేయించుకోండీ అని. వింటేనా?” డ్రాయర్ తెరిచి పెన్‌డ్రైవ్ తీసింది. “నాది కాపీ ఇస్తున్నా, తాళంచెవితో సహా. ఇలా ఇవ్వకూడదు. ఆ పిల్ల ఆకలికి ఆగదు, దారిలో ఏదైనా కొనిపెట్టండి.”

దాన్ని ఫోన్‌లోకి ఎక్కించుకోగానే హైమవతులు ఇద్దరయ్యారు. తాళంచెవి సరిపోయింది కనుక ఏ సర్వరూ అభ్యంతరం చెప్పలేదు.

బడి గేటు దగ్గర కాపలా అప్పలస్వామి అతని ఫోన్ చూసి లేచి నిలబడ్డాడు. “ఏటి హైమమ్మా, ఎండలో నడిసొచ్చినావు? ఆ బాబు ఇయ్యాల కూడా రాలేదేటి?”

“పనుంది.”

“ఎప్పుడూ పనేనమ్మా ఆ బాబుకి.”

మేధ ఆ పేరు విని పరిగెత్తుకొచ్చి అతని వేలు పట్టుకుంది. “నాన్న రాలేదా ఆంటీ?”

నిజం చెబితే కనెక్షన్ తెగుతుంది. పేరుకీ మాటకీ పొంతన లేనివాళ్లు కనిపిస్తే గట్టిగా అరవమని బడిలో నేర్పుతారు. “పనుందమ్మా,” అన్నాడు.

“నాకు తెలుసులే.”

మొక్కజొన్న పొత్తు తింటూ దారంతా కబుర్లు చెప్పింది. పన్ను ఊడిన సంగతి, లెక్కల టీచర్ తిట్టిన సంగతి, రాత్రిళ్లు ఒక్కతే పడుకోవాలంటే భయమన్న సంగతి. వీటిలో ఒక్కటీ యుగంధర్ ఎప్పుడూ వినలేదు.

“నాన్నకి చెప్పకు ఆంటీ. విసుక్కుంటాడు.”

“చెప్పను,” అన్నాడు యుగంధర్.

పగలు వసారాలో కూర్చోగా రెండ్రోజులకు కొత్త సర్టిఫికెట్ వచ్చింది. దాన్ని ఆఫీసు వేళల్లో వాడుతున్నాడు. సాయంత్రం పెందలాడే పని ముగించుకుని, ఫోన్‌లో హైమవతిది పెట్టుకుని, బడికి బయలుదేరుతున్నాడు.