విమానానికి గంజి

అయ్యలారా, అమ్మలారా! సొంత విమానం లేక మీ కుటుంబాలు ఎంత నష్టపోతున్నాయో మీకు తెలియదు. నాకు తెలుసు. రాజపాళయంలో సొంత విమానం ఉన్నది నాకొక్కడికే.

అది ఎగరదు కదా అంటారా? ఎగరకపోవడమే దాని గొప్ప! రెండేళ్ల కిందట ఒక పైలట్ దాన్ని మద్రాసు నుంచి తెచ్చి, మా ఆవిడ ముత్తులక్ష్మి పత్తి చేనులో దించి, రైలెక్కి వెళ్ళిపోయాడు. ఆనాటి నుంచి దానికి ఒక్క ప్రమాదం కూడా జరగలేదు. మీ ఎద్దుబండి గురించి ఈ మాట చెప్పగలరా?

ఆ చేను ముత్తులక్ష్మికి వాళ్ల అమ్మ ఇచ్చింది. మంచి నల్లరేగడి. విమానం పరుగు తీయాలంటే గట్టి నేల ఉండాలని ముందే దిమ్మిస కొట్టించాను. పరుగు ఇంకా తీయలేదు, నేల మాత్రం రాయిలా తయారైంది.

ఇక విమానం వల్ల వచ్చే మర్యాద! సత్రపట్టి నుంచీ చోళపురం నుంచీ బండ్లు కట్టుకుని వచ్చి చూసేవారు. గట్టు తగాదాలు కూడా నా దగ్గరికే తెచ్చేవారు. విమానం ఉన్నవాడి తీర్పు తప్పెలా అవుతుంది?

నేనూ దానికి ఏ లోటూ చేయలేదు. సీటు గట్టిగా ఉందని బూరుగుదూది పరుపు వేయించాను. అప్పుడు ఎత్తు పెరిగి పై రెక్కకు నా తల కొట్టుకుంది. అందుకని తలపాగా పెద్దది చేయించాను. ఆకాశంలో ఎవరైనా అడ్డం వస్తారేమోనని మోటారు హారన్ పెట్టించాను. ఇంతకన్నా ముందుచూపు ఎవరికుంటుంది!

ఇంతలో యుద్ధం వచ్చింది. రెక్కల గుడ్డను బిగించే వార్నిష్ ఇంగ్లండు సీమ నుంచి రావడం ఆగిపోయింది. గుడ్డ వదులై వేలాడసాగింది. మా నేతగాడు ఇరులప్పన్ చూసి, మగ్గానికెక్కించే పడుగు నూలుకు గంజి పెట్టినట్టే దీనికీ పెడదామన్నాడు. నాలుగు కుండల గంజి కాచి పూశాం. సాయంత్రానికి రెక్కలు డప్పులా బిగిశాయి! సీమ వార్నిష్ ఇక అక్కర్లేదని, అది పంపే మద్రాసు కంపెనీకి జాబు రాశాను.

తెల్లారేసరికి మా ఎద్దులు ఎడమ రెక్కల గుడ్డంతా తినేశాయి.

కంగారు పడకండి. ఏ మోటారు కారు ఎద్దుల కడుపు నింపింది చెప్పండి! కానీ ముత్తులక్ష్మికి ఈ లాభం కనబడలేదు. చేను గట్టున నిలబడి నెమ్మదిగా అంది:

"దానికి రెక్కే పోయినాదే. ఇంక చేనెందుకు దానికి? నాకిచ్చేయండి, ఐప్పసి నెల వాన పడేలోపల విత్తుకుంటాను."

నేను ఒప్పుకోలేదు. ఎడమ పక్క గుడ్డ లేదు కాబట్టి, కుడి పక్కతోనే ఎగరగల పెద్ద ఇంజిన్ బిగిస్తే సరిపోతుందని వివరించాను. ఆ ఇంజిన్ కోసం మద్రాసు వెళ్లాను. రైల్లోనే.

ఇంజిన్ దొరక్క పదో రోజున తిరిగి వచ్చేసరికి, ముత్తులక్ష్మి పిలిచిన ఎనిమిదిమంది ఆడవాళ్లు విమానాన్ని గట్టుకు తోసేసి, చేను దున్నించి, పత్తి విత్తేశారు. ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. చేను ఎంత తెల్లగా విరగకాసిందంటే, సత్రపట్టి బండ్లు ఇప్పుడు దాన్ని చూడడానికి వస్తున్నాయి. విమానం వైపు చూసేవాడే లేడు.

నాకు ఒక్క ఆశ మిగిలింది. నూలిస్తే కొత్త రెక్క గుడ్డ నేస్తానన్నాడు ఇరులప్పన్. నూలుకు దూది కావాలి. రెండు బస్తాలు చాలు. ముత్తులక్ష్మి పత్తి ఏరుతుంటే దగ్గరికి వెళ్లి, ఎంతో మర్యాదగా అడిగాను.

ఆమె చెయ్యి ఆపలేదు.

"చేను తీసుకునేప్పుడు నన్ను ఒక మాట అడగలేదు మీరు. దూదికి మాత్రం అడుగుతా ఉండారు."

నిజమే. చేనులో దిమ్మిస కొట్టించిన రోజున నేను ఆమెను అడగలేదు, అడగాలని తోచనూ లేదు. తప్పు నాదేనని ఆమె ముందు అనడానికి నోరు రాక, విమానం గొప్ప చెబుతున్నట్టుగా మీకు చెప్పుకుంటున్నాను.