తుమ్ము తీసేసిన పాట

ఒక పెద్ద అడవిలో ఇంటికొక గోరింక ఉండేది.

ఆ ఇంట్లో ఎవరేం పాడినా విని గుర్తుపెట్టుకోవడం దాని పని. తాత పోయినా తాత కూనిరాగం ఇంట్లోనే ఉండేది. రోజుకు రెండు పండ్లు పెడితే చాలు, అడిగినప్పుడల్లా గోరింక పాడేది.

ముళ్లపంది తిరపతమ్మ ఇంట్లో ఉన్నది ఒకే ఒక్క పాట. అది ఆమె కూతురు పైడి పాడింది.

"రేగుపండూ రేగుపండూ రాలిపోవే, మాయమ్మ పడుకుంది, మెల్లగా..."

ఎప్పుడు పాడినా సరిగ్గా 'మెల్లగా' దగ్గర పైడికి తుమ్మొచ్చేది. ఆ తుమ్ముకి ఒంటిమీది చిన్న ముళ్లన్నీ గలగలమనేవి. తన తుమ్ముకి తనే పడీపడీ నవ్వి, మళ్లీ మొదటినుంచి ఎత్తుకునేది. ఆ పాట చివరిదాకా వెళ్లిన రోజు లేదు.

పోయిన ఏడు వాగు పొంగింది. ఆ వేళ పైడి అవతలి గట్టున ఉంది.

ఆ తర్వాత తిరపతమ్మ ఎవరితోనూ పెద్దగా మాట్లాడలేదు. పొద్దున్నే బొరియ బయటికొచ్చి, "ముత్యాలూ, ఒకసారి," అనేది. గోరింక ముత్యాలు పాడేది, తుమ్మేది, నవ్వేది. తిరపతమ్మ విని, దుంపలు తవ్వుకోవడానికి వెళ్లిపోయేది.

బొరియ పక్కనున్న మద్దిచెట్టు మీద కాకి గవరమ్మ కాపురం. "మొదలెట్టారమ్మా! ఆ పిల్ల ఉన్నప్పుడూ ఇదే గోల, లేకపోయినా ఇదే గోల. నా పిల్లలు పడుకోవద్దా?" అని పైనుంచి అరిచేది. అరిచాక, అనకూడని మాట అన్నట్టు కాసేపు రెక్క దువ్వుకుంటూ కూర్చునేది.

అలా ఉండగా నక్క పరాంకుశం కొండగుహలో 'అఖిలారణ్య గాన భాండాగారం' తెరిచాడు. పలకలేక అడవివాళ్లు దాన్ని పాటల కొట్టు అన్నారు.

"అక్కలారా, అన్నలారా! మీ గోరింక ముసలిదైపోతే? పిల్లి పట్టుకుపోతే? మీ పాటలన్నీ ఏమైపోవాలి?" అన్నాడు పరాంకుశం రాయెక్కి. "మా దగ్గర నాలుగొందల చిలుకలున్నాయి. మీ పాట మాకివ్వండి. అడవిలో ఏ చెట్టు కింద నించుని అడిగినా మీ పాట మీకు వినిపిస్తాం. ఒక్కసారి మా దగ్గరికొచ్చిన పాట ఇక పోదు."

'పిల్లి పట్టుకుపోతే' అన్న మాట దగ్గరే తిరపతమ్మ ముళ్లు గలగలమన్నాయి. తక్కినది ఆమె సరిగా వినలేదు.

ఒప్పందం ఇప్పబెరడు మీద రాశారు. విప్పితే గుహ దగ్గరనుంచి వాగుదాకా వచ్చింది. అందరూ గుడ్లగూబ ప్లీడరు వైపు చూశారు.

"మొదటి మూర చదివాను. అందులోనే 'ఇకమీదట' అన్న మాట పదిహేనుసార్లు ఉంది," అన్నాడు ప్లీడరు.

"అంటే ఏం చెయ్యమంటారు?" అంది ఎలుగుబంటి.

"ముద్ర వేసేయండి. అందరూ వేస్తున్నారుగా!"

అందరూ బురదలో పాదం ముంచి ముద్ర వేశారు. తిరపతమ్మా వేసింది.

కాకి గవరమ్మ కూడా ముస్తాబై వెళ్లింది. లోపల కోకిలల సంఘం ఆమె గొంతు పరీక్షించి, "ఇది మా ప్రమాణాలకు తగదు. అసలు పాట కిందికే రాదు," అని తిప్పి పంపింది.

"పాట కిందికి రాదట! ఇంకొకరి గూట్లో గుడ్డు పెట్టి పోయే ముఖాలు, నాకు ప్రమాణాలు చెబుతాయా?" అని గవరమ్మ మూడు రోజులు మద్దిచెట్టు దద్దరిల్లేలా తిట్టింది.

కొట్టు నడవడం మొదలైంది. ప్రతివాళ్లూ ఒక రహస్యపు ఈల పెట్టుకోవాలన్నారు. అందులో ఒక హెచ్చుస్వరం, ఒక తగ్గుస్వరం, ఒక కాలి చప్పుడు ఉండాలి. ఎలుగుబంటి ఎంతో కష్టపడి ఒకటి తయారుచేసుకుని, మర్నాటికి మరిచిపోయింది.

"మీ ఈల తప్పు," అంది చిలుక.

"నేనే కదమ్మా! నిన్ననే కదా నీ ఎదురుగా పెట్టుకున్నాను?"

"మీరే అని మాకు తెలుసు. మీ ఈలకి తెలియాలి కదండీ. ఇంకొక్కసారి తప్పితే మూడు రోజులు వేచి ఉండాలి."

కుందేలు సంగతి మరీ ఘోరం. ఒక పాటను అయిదు బొరియల్లోనే వినాలని నియమం. కుందేళ్లు బొరియలు మారకుండా ఉంటాయా? ఆరో బొరియలోకి మారిన రోజున దాని పెళ్లిపాట దానికే వినిపించడం మానేసింది.

"పాతవి అయిదూ పూడిపోయాయి తల్లీ!" అని మొత్తుకుంది.

"అయితే వాటిలోకి వెళ్లి, అక్కడినుంచి ఖాళీ చేస్తున్నట్టు మాకు తెలియజేయండి," అంది చిలుక.

ప్రతి పున్నమికీ 'మెరుగుదల' అని చిలుకలన్నీ చెట్లు మారేవి. మద్ది మీదిది తుమ్మ మీదికి, తుమ్మ మీదిది వెదురు మీదికి వెళ్లేవి. ఎందుకమ్మా అని అడిగితే, "మీ సౌకర్యం కోసం," అనేవి. వెతికి వెతికి పట్టుకుంటే, పాటకు ముందు పుట్టతేనె గొప్పతనం గురించి నాలుగు ముక్కలు వినాలి.

తిరపతమ్మకు ఇవేవీ పట్టలేదు. ఆమెకి ముత్యాలు ఉంది కదా!

కాని ఒక పాట రెండుచోట్ల ఉంటే అది దొంగతనమని ఒప్పందంలో ఇరవయ్యో మూర దగ్గర ఉందట. ఇంటి గోరింకలన్నీ గుహకి వెళ్లి, తమ పాట అప్పజెప్పి, కొట్టువారు నేర్పింది నేర్చుకుని రావాలన్నారు. ముత్యాలు వెళ్లింది. ఏడు రోజుల తర్వాత మెళ్లో ఆకుబిళ్ల వేసుకుని తిరిగొచ్చింది.

మర్నాడు పొద్దున్నే తిరపతమ్మ బయటికొచ్చింది.

"ముత్యాలూ, ఒకసారి."

ముత్యాలు గొంతు సవరించుకుని పాడింది. అబ్బ, ఏం పాట! తేటగా, తీయగా, గమకాలతో సహా. రేగుపండు రాలిపోయింది. అమ్మ పడుకుంది. 'మెల్లగా' వచ్చింది, ఆగకుండా వెళ్లిపోయింది. పాట చివరిదాకా వెళ్లింది. చివర ఇంకో చరణం కూడా ఉంది.

తిరపతమ్మ గోరింక దగ్గరికి జరిగింది.

"తుమ్మేదీ?"

"తీసేశారక్కా. అది లోపమట. మన పాటని పోలినది కోకిలల దగ్గర ఇంకా శుభ్రంగా ఉందట. మనది తీసి అది పెట్టారు."

"నవ్వు?"

"అదీ లోపమేనట."

"ముత్యాలూ, పాతదే పాడవే."

ముత్యాలు నోరు తెరిచింది. కాసేపటికి మూసుకుంది. "రావట్లేదక్కా," అంది. "మరిపించే దాకా వదల్లేదు. నీ మీద ఒట్టు, రావట్లేదు."

తిరపతమ్మ గుహకి వెళ్లింది. గుహ ముందు కొమ్మ మీద ఫిర్యాదుల చిలుక కూర్చుని ఉంది.

"నమస్కారం. మీ మనసు మాకు ముఖ్యం. మీ ఇబ్బంది చెప్పండి."

"నా పాట నాకు ఇచ్చేయండి."

"మీ పాట మీ దగ్గరే ఉందండీ. పైగా పాతదానికంటే మెరుగ్గా ఉంది."

"మెరుగు నాకొద్దు."

చిలుక తల అటూ ఇటూ తిప్పింది. ఆ మాటకి జవాబు దానికి నేర్పలేదు. "నమస్కారం. మీ మనసు మాకు ముఖ్యం," అని మళ్లీ మొదలుపెట్టింది.

అలికిడికి పరాంకుశం బయటికొచ్చాడు. "ఏమిటమ్మా ఇది! ఊరికే ఇంత మంచి పాట ఇస్తే వద్దంటావేం? ఆ తుమ్ము తియ్యడానికి కోకిలలు రెండు రోజులు కష్టపడ్డాయి తెలుసా? తుమ్ముల్తో, ఇకిలింపుల్తో పాడితే నలుగురూ వింటారా?"

"నలుగురి కోసం పాడలేదు బాబూ," అంది తిరపతమ్మ. ఇంకేదో అనబోయింది. ముళ్లు గలగలమన్నాయి.

మర్నాడూ వెళ్లింది. ఆ మర్నాడూ వెళ్లింది. చిలుక రోజూ నమస్కారం పెట్టింది.

సింహంగారికీ ఈ కొట్టుతో ఒక ఏర్పాటు ఉంది. వయసు మీదపడి పొద్దున్నే లేవడం కష్టమై, ఆయన తెల్లవారుజామున గర్జించే తన పనిని భాండాగారానికి ఒప్పజెప్పారు. ఆయన పడుకుని ఉంటే నాలుగొందల చిలుకలు నాలుగు దిక్కులా గర్జించేవి. అడవి హడలిపోయేది. ఆయన అటు తిరిగి పడుకునేవారు.

అయితే పున్నమి మెరుగుదలలో కోకిలల సంఘం గర్జన దగ్గరికి వచ్చింది. గొంతు బొంగురుగా ఉంది. మధ్యలో దగ్గు కూడా ఉంది. లోపాలే లోపాలు. జాతి పోలిక చూసి, దానికంటే శుభ్రమైనది వెతికి పెట్టారు.

తెల్లారింది. నాలుగొందల చిలుకలు నాలుగు దిక్కులా తిరిగి, తేటగా, తీయగా, "మ్యావ్" అన్నాయి.

ఆ తర్వాత ఎక్కడో ఒక ఉడుత కిసుక్కుమంది. ఇక దుప్పులు, కణుజులు, అడవిపందులు పొట్టలు పట్టుకుని దొర్లాయి. కుందేలైతే ఆరో బొరియలోంచి బయటికొచ్చి మరీ నవ్వింది.

సింహంగారు జూలు విదిలించుకుంటూ గుహ దగ్గరికి పరుగెత్తుకొచ్చారు. వరసలో అప్పటికే తిరపతమ్మ నించుని ఉంది.

"నమస్కారం. మీ మనసు మాకు ముఖ్యం," అంది చిలుక.

"ఎవడ్రా ఇక్కడ!" అని రాజుగారు స్వయంగా గర్జించబోయారు. నెలల తరబడి గర్జించని గొంతు. గాలి తప్ప ఏమీ రాలేదు. అయినా చిలుక ఊరుకోలేదు. "గమనించండి, గర్జన భాండాగారానిది. అనుమతి లేకుండా చేయరాదు," అంది.

పరాంకుశం పొర్లుదండాలు పెడుతూ వచ్చాడు. "ప్రభూ! తమది కాస్త దగ్గుతో ఉందని..."

"ఆ దగ్గు మాది!" అన్నారు సింహంగారు. "మా తండ్రిగారూ అక్కడే దగ్గేవారు. ఆ దగ్గు వింటేనే ఏనుగులు దారిచ్చేవి. మాది మాకు తెచ్చి ఇవ్వు!"

"అసలువి ఉంచుకోం ప్రభూ. గుహలో చోటు చాలదు. శుభ్రమైనది ఒకటి ఉంచి తక్కినవి మరిపించేస్తాం. ముప్పయ్యో మూరలో రాశాం. తమరు ముద్ర..."

"నా పిల్ల తుమ్మూ నాదే మహారాజా," అంది తిరపతమ్మ.

అందరూ ఆమె వైపు తిరిగారు. రాజుగారు కిందికి చూశారు.

"ఏ తుమ్ము?"

తిరపతమ్మ చెప్పాలనుకుంది. వాగు గురించి, అవతలి గట్టు గురించి. ముళ్లు ఒకటే గలగల. ఆ చప్పుడు ఆగేదాకా వేచి చూసే తీరిక రాజుగారికి లేదు.

"విచారిస్తాం," అన్నారు.

విచారణ సంఘం వేశారు. విషయం బాగా తెలిసినవాడు కనక పరాంకుశాన్నే అధ్యక్షుణ్ణి చేశారు. రాజుగారు పది రోజులు తమ గుహలో కూర్చుని సాధన చేశారు. పదకొండో రోజు గర్జన వచ్చింది, దగ్గుతో సహా. సభ చప్పట్లు కొట్టింది. సమస్యలన్నీ తీరాయని ఆ సాయంత్రమే అడవంతా చాటించారు.

నిజమే మరి. రాజుగారి గొంతు రాజుగారి దగ్గరే ఉంది. మళ్లీ గర్జించుకోగలరు.

తిరపతమ్మ పొద్దున్నే బయటికి రావడం మానేసింది.

ఒక రోజు, రెండు రోజులు, అయిదు రోజులు. ఆరో రోజు గవరమ్మ చెట్టు దిగొచ్చి బొరియలో తల దూర్చింది.

"ఏమే తిరపతమ్మా! బతికే ఉన్నావా? మీ గోల లేక నాకు మెలకువ రావట్లేదు. నా పిల్లలు బారెడు పొద్దెక్కేదాకా పడుకుంటున్నారు."

"పాట పోయింది గవరమ్మా."

"అదేమిటే? నీ గోరింక తెగ పాడుతోందిగా, నూనె పూసినట్టు!"

"అది కాదు."

"అది కాదులే. నాకు తెలీదా? అందులో తుమ్ము లేదు."

తిరపతమ్మ తలెత్తింది. "నీకు గుర్తుందా?"

"గుర్తా!" గవరమ్మకి కోపం వచ్చేసింది. "రోజుకు ఇరవైసార్లు నా నెత్తి కింద పాడి చెవులు తూట్లు పొడిచింది నీ కూతురు. గుడ్ల మీద కూర్చుని విన్నాను. మరిచిపోదామన్నా పోయిందా? ఆ కొట్టువాళ్లు నా గొంతు పనికిరాదన్నారు గానీ, లేకపోతే నన్నూ మరిపించి పుణ్యం కట్టుకునేవాళ్లు."

"పాడు."

"నేనా? నేను పాడితే పాట కిందికి రాదు."

"పాడవే."

గవరమ్మ అటూ ఇటూ చూసింది. ఎవరూ లేరని రూఢి చేసుకుని, గొంతెత్తింది.

అది పాట కాదు. కోకిలల సంఘం చెప్పింది నిజమే. రేగుపండు గీరుకుపోయింది. అమ్మ పడుకోవడమేమిటి, ఉలిక్కిపడి లేచేలా ఉంది. 'మెల్లగా' దగ్గరికి వచ్చింది.

"హా...ఛ్!"

తర్వాత నవ్వింది. ఆ నవ్వు పైడిది కాదు, అచ్చంగా కాకిదే. అయితేనేం, సరిగ్గా పైడి నవ్వే చోటే నవ్వింది.

తిరపతమ్మ ముళ్లు ఒక్కొక్కటే కిందికి వాలాయి.

"చివరిదాకా పాడనా?" అంది గవరమ్మ, కాస్త ఉత్సాహం వచ్చి.

"వద్దు. మొదటినుంచి."

పక్కన ముత్యాలు మెళ్లో ఆకుబిళ్ల పీకేసి, శ్రద్ధగా వినడం మొదలెట్టింది.

నాలుగో రోజుకి పరాంకుశం చంకలో బెరడు చుట్టతో దిగాడు. "అమ్మా తిరపతమ్మా, శుభవార్త! ఇప్పుడు అందరూ పాతవే కావాలంటున్నారు. దగ్గులూ తుమ్ములూ ఉన్నవాటి కోసం వేరే గుహ తెరుస్తున్నాం. ఈ కాకి దగ్గర అసలైన తుమ్ము ఉందట కదా! ఏం లేదు, ఇదిగో, ఇక్కడ ఒక్క ముద్ర వేస్తే చాలు."

బెరడు ఆమె ముందు పరిచి, ఎక్కడ వెయ్యాలో ముక్కుతో చూపించాడు.

తిరపతమ్మ ఈసారి పాదం బురదలో ముంచలేదు. మెల్లగా వెనక్కి తిరిగి, వేసింది.

ముక్కుకి పదిహేడు ముళ్లతో పరాంకుశం వాగుదాకా కేకలు పెడుతూ పరుగెత్తాడు. ఆ కేకని మటుకు శుభ్రం చెయ్యమని కోకిలల్ని ఎవరూ అడగలేదు.

ఈ కథలో నీతి: ప్రాణంతో సమానమైన పాట ఉంటే, దాన్ని బాగా పాడేవాళ్ల చేతిలో మాత్రం పెట్టకండి.