నవంబరులో ఉండిపోయిన అత్తగారు

ఉత్తర చైనాలోని నింగ్‌శుయి నగరంలో ఆసారి సంవత్సరం సెప్టెంబరు ఇరవయ్యారో తారీకుకే పూర్తయింది. ఏడాది మొత్తానికని లక్ష్యంగా పెట్టుకున్న ఉక్కు, సిమెంటు, మెట్రో లైను, అపార్ట్‌మెంట్లు ఆ సాయంత్రానికల్లా లెక్కకి అందిపోయాయి. మిగిలిన తొంభై ఆరు రోజులూ వాడుకోవడం అనవసరమని నగర పాలక కార్యాలయం తీర్మానించింది. వాడితే వాటిల్లో ఏదైనా జరగొచ్చు, వచ్చిన అంకె తగ్గనూ వచ్చు. అందుకని మర్నాడు జనవరి ఒకటి.

జనం దీనికి పెద్దగా ఇబ్బంది పడలేదు. అంతకు ముందేడు రైలు స్టేషను పదకొండు రోజుల్లో లేచినప్పుడే వాళ్ళకి ఇలాంటివి అలవాటైపోయాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా జరగాల్సినవన్నీ జరిగినట్టే రాసేశారు. పెళ్ళిళ్ళు అయిపోయాయి, ఫొటోలు ఇంటికొచ్చాయి. పిల్లలు పరీక్షలు పాసయ్యారు. పన్ను పీకించుకోవాల్సినవాళ్ళకి పీకేసినట్టు కాగితం అందింది. నెప్పికి మాత్రం ఆ కబురు కొంచెం ఆలస్యంగా చేరింది.

షూయున్ ఆ ఊళ్ళో రంగుల కర్మాగారం కాంటీన్‌లో వంట చేస్తుంది. భర్త దక్షిణాదిన వంతెనల పని మీద ఉన్నాడు. ఆరంతస్తుల పాత భవనంలో మూడో అంతస్తున తనూ, ఎనభై ఒక్కేళ్ళ అత్తగారు పెంగ్ సూజెన్. ఆ దేశంలో కోడళ్ళు అత్తగారిని అమ్మా అని పిలుస్తారు. పిలుపు మారినంత మాత్రాన మిగతాదంతా మారిపోదు గానీ, వీళ్ళిద్దరికీ మాత్రం పడేది. సూజెన్‌కి ఊపిరితిత్తుల జబ్బు. నవంబరు సగం దాకా చూడొచ్చు, ఆపైన కష్టమని ఆగస్టులోనే డాక్టరు చెప్పాడు.

జనవరి రెండో తారీకున వీధి కమిటీ పెద్ద కువాంగ్ అక్క, బుట్ట నిండా బేరిపళ్ళతో పరామర్శకి వచ్చింది. షూయున్ కాంటీన్‌లో ఉంది. తలుపు ముసలావిడే తీసింది.

"మీరు పోయారండీ పెంగ్ అవ్వా. మా అందరి సానుభూతి," అంది కువాంగ్ అక్క, బుట్ట అందిస్తూ.

"ఎప్పుడూ?"

"నవంబరు పద్నాలుగున. తెల్లవారుజామున."

"బాధపడ్డానా?"

కువాంగ్ అక్క కాగితం తిప్పి చూసింది. "లేదనే రాశారు."

"అయితే మంచిదేనమ్మా. ఎలా పోతానో అని ఇన్నాళ్ళూ అదే బెంగ," అని సూజెన్ ఆవిడని కూర్చోబెట్టి, బుట్టలోంచి రెండు పళ్ళు కోసి పెట్టింది.

సాయంత్రం ఇంటికొచ్చిన షూయున్‌కి మరణ పత్రం బల్ల మీద, అత్తగారు కుర్చీలో కనిపించారు. ముందు పత్రం చదివింది, తర్వాత అత్తగారి నుదురు తాకి చూసింది. జ్వరం లేదు. మర్నాడు మందుల కోసం ఆసుపత్రికి వెళ్తే, రోగి లేదు కాబట్టి రోగం ఫైలూ మూసేశామన్నారు. మరి దగ్గు వస్తోందే అంటే, అది ఎవరి దగ్గో కనుక్కోమన్నారు. మందులు ఆగాక విచిత్రంగా ముసలావిడ కాస్త తేరుకుంది. ముల్లంగి పులుసు రెండోసారి అడిగి పోయించుకుంది. ఇంకేముంది, పోతానన్న భయం తీరిపోయింది కదా అనేది.

చనిపోవడంలో ఇంకో సౌకర్యం ఆవిడకి నెమ్మదిగా తెలిసొచ్చింది. ఆ భవనంలో ఎవరేమన్నా కువాంగ్ అక్క పుస్తకంలో ఎక్కుతుంది. ఆవిడ చెడ్డది కాదు, అది ఆవిడ ఉద్యోగం. అయితే ఆ పుస్తకంలో పోయినవాళ్ళకి పేజీ లేదు. సూజెన్ మెట్ల మీద పీట వేసుక్కూర్చుని, కొత్త వంతెన లారీ ఎక్కినప్పుడల్లా ఊగుతోందనీ, బడి గోడలో చెయ్యి పట్టేంత బీట ఉందనీ, పేపర్లో వేసిన పార్కు తను చూడటానికి వెళ్తే అక్కడ పేపరు తప్ప పార్కు లేదనీ చెప్పేది. ఇరుగుపొరుగు చిక్కుళ్ళు ఒలుచుకుంటూ అక్కడే కూర్చునేవారు. ఎవరూ ఏమీ వినేవారు కాదు. చిక్కుళ్ళు మాత్రం అంతకు ముందెప్పుడూ అంత నిదానంగా ఒలవలేదు.

షూయున్ కూడా వినేది. తన దగ్గరా చెప్పాల్సిన మాట ఒకటుంది. ఏడాదిగా కాంటీన్‌లో ఆవిరి రొట్టెలు లేత గులాబీ రంగులో వస్తున్నాయి. 'గులాబీ రొట్టె, ఆరోగ్యానికి పట్టుగొమ్మ' అని యాజమాన్యం బోర్డు కూడా పెట్టించింది. రంగు ఎక్కణ్ణుంచి వస్తోందో పిండి కలిపే మనిషికి తెలియకుండా ఉండదు. కానీ షూయున్ బతికే ఉంది. బతికున్నవాళ్ళకి పేజీ ఉంది.

అసలు చిక్కు చలితో వచ్చింది. ఆ ఊళ్ళో ఇంటింటికీ పొయ్యిలుండవు. నగరం బాయిలర్లోంచి వేడినీళ్ళు గొట్టాల్లో వచ్చి గదులు వెచ్చబెడతాయి. నవంబరు పదిహేనున తెరుస్తారు, మార్చి పదిహేనున కట్టేస్తారు. ఇందులో ఇంట్లోవాళ్ళు చెయ్యగలిగిందేమీ ఉండదు. ఈసారి జనవరి సెప్టెంబరులో రావడంతో, ఉక్కపోస్తున్నప్పుడు గొట్టాలు కాగాయి, జనం కిటికీలు తీసుకుని విసనకర్రలతో కూర్చున్నారు. తీరా నీళ్ళు గడ్డకట్టే వేళకి మార్చి పదిహేను వచ్చింది. గొట్టాలు కట్టేశారు. ఉన్ని బట్టలు పెట్టెల్లో సర్దుకోమని కమిటీ కాగితం అంటించింది.

అసలు తారీకు షూయున్‌కి క్యాబేజీలు చెప్పేవి. ఏటా లాగే చలికాలానికని బాల్కనీలో యాభై పేర్చింది, రెండ్రోజులకొకటి వండుతుంది. పదిహేనో క్యాబేజీ తరిగిన రోజున, ప్రభుత్వం దృష్టిలో వసంతం బాగా విచ్చుకున్నాక, మంచు పడటం మొదలైంది. రేడియో అది మంచు కాదంది. వసంతంలో పోప్లార్ చెట్ల నుంచి రాలే దూది, ఈ ఏడు దిగుబడి ఎక్కువ అని చెప్పింది. దూది నాలిక మీద వేసుకోవద్దని బడిపిల్లలకి సూచనలిచ్చారు. పిల్లలు పల్చటి చొక్కాల్లో, పళ్ళు టకటకలాడిస్తూ ఆ సూచనలు పాడుకుంటూ వెళ్ళేవారు.

సూజెన్ దగ్గు మళ్ళీ తిరగబెట్టింది. షూయున్ సీసాల్లో వేడినీళ్ళు పోసి పక్కలో పెట్టింది, తన దుప్పటీ తీసి కప్పింది. కరెంటు హీటరు పెట్టుకోవడానికి లేదు. వసంతంలో హీటరు కొన్నవాళ్ళ పేర్లు కొట్టువాడే కమిటీకి పంపించేస్తాడు. ఇలా ఇంకో వారం సాగితే, కాగితం మీద అయిపోయింది కాస్తా ఇంట్లో అవుతుందని ఆమెకి తెలుసు. ధైర్యం చేసి వేడినీళ్ళ సరఫరా కార్యాలయానికి వెళ్ళింది. కిటికీ వెనక గుమాస్తా పల్చటి చొక్కా వేసుకున్నాడు. లోపల మూడు స్వెటర్లుండటంతో చొక్కా బొత్తాలు పట్టలేదు.

"ఏం కావాలి?"

"మా ఇంట్లో..." షూయున్ ఆగింది. "మా ఇంట్లో కొంచెం..."

"కొంచెం?"

"కొంచెం వసంతం ఎక్కువగా ఉందండీ."

గుమాస్తా చొక్కా ముందుకి లాక్కున్నాడు. "అందరికీ అలాగే ఉందమ్మా. సంతోషించాలి మరి," అని కిటికీ వేసేశాడు. లోపల్నుంచి తుమ్ము వినిపించింది.

ఏప్రిల్ రెండో తారీకున రాజధాని నుంచి తనిఖీ వచ్చింది. పూర్తయిన నెలల్లో పూర్తయినవన్నీ నిజంగా పూర్తయ్యాయో లేదో చూడటానికి ఫెయ్ అనే ఇన్‌స్పెక్టరు ఇల్లిల్లూ తిరుగుతున్నాడు. మూడో అంతస్తుకి వచ్చేటప్పటికి ఆయన పెదవులు వంకాయ రంగులో ఉన్నాయి. కువాంగ్ అక్క పుస్తకం పట్టుకుని వెనకే ఉంది. గదిలో, నాలుగు దుప్పట్ల మధ్య, సూజెన్ కూర్చుని ఉంది. షూయున్ వెళ్ళి ఆవిడ పక్కన నిలబడింది. పూర్తికాని పనులు ఈ వారంలోనే పూర్తి చేయించాలని తనిఖీవాళ్ళకి ఆదేశాలున్నాయని మెట్ల మీద చెప్పుకున్నారు.

"వీరు?" అన్నాడు ఫెయ్.

"మృతురాలండీ," అంది కువాంగ్ అక్క.

ఫెయ్ టోపీ తీసి తల వంచాడు. మర్యాద తెలిసిన మనిషి. "మీకేం లోటు జరగలేదు కదా, అవ్వా?"

"పోవడం వరకూ ఏ లోటూ లేదు నాయనా. బేరిపళ్ళు కూడా తెచ్చారు. కూర్చో, నీ మోకాళ్ళు కొట్టుకుంటున్నాయి."

"అబ్బే. ఏప్రిల్ కదా."

"నీకు ఏప్రిల్. నేను నవంబరులో పోయాను, నాకు తర్వాత నెలలేవీ రాలేదు. మా నవంబరులో చలిగా ఉంది."

చలి అన్న మాట నగరంలో నోరు తెరిచి ఎవరైనా అనడం ఇదే మొదలు. కువాంగ్ అక్క చేతిలో పెన్ను లేచింది, ఏ పేజీలో రాయాలో తోచక మళ్ళీ దిగింది.

ఫెయ్ తన దస్త్రం తీసి ఒక్కొక్క కాగితమే తిప్పాడు. వేళ్ళు కొంకర్లు పోవడంతో దానికి చాలాసేపు పట్టింది. "నవంబరు, డిసెంబరు నెలలకి వేడినీళ్ళ సరఫరా నూటికి నూట నాలుగు పాళ్ళు జరిగినట్టుంది," అన్నాడు.

"నా దాకా రాలేదు," అంది సూజెన్.

"మీరు నవంబరులోనే ఉన్నారు కదా?"

"ఇంకెక్కడికి పోతాను?"

ఫెయ్ కణతలు నొక్కుకున్నాడు. నవంబరులో ఉన్న మనిషికి నవంబరు వేడి అందలేదంటే నవంబరు పూర్తికానట్టు. నవంబరు పూర్తికాలేదంటే సంవత్సరం పూర్తికానట్టు. అలా రాస్తే మేయరు దగ్గర్నుంచి తన దాకా అందరూ సంజాయిషీ రాసుకోవాలి. పైగా డిసెంబరులో ఆయన కూతురి పెళ్ళయింది. తనే కన్నీళ్ళు పెట్టుకున్నట్టు ఫొటోలో ఉంది. దాన్ని కానట్టు చెయ్యడం ఆయన వల్ల కాదు.

"ఈ ఇంటికి నవంబరు, డిసెంబరు బాకీ ఉంది. ఇవాళే తెరిపించండి," అన్నాడు.

"గొట్టం ఒకటేనండీ. ఈమెకి తెరిస్తే ఆరంతస్తులకీ వెళ్తుంది," అంది కువాంగ్ అక్క. ఆవిడ కాపురం ఐదో అంతస్తులో.

"మిగతావాళ్ళు ఏప్రిల్లో ఉన్నారు. నవంబరు వేడి వాళ్ళకి తగలదు," అన్నాడు ఫెయ్. సంతకం పెట్టి, గొట్టం పక్కనున్న కుర్చీలోకి మారి, ఇంకో ఇల్లు చూడాల్సిన పని లేదన్నట్టు అక్కడే కూర్చున్నాడు.

చీకటి పడేలోపు గోడలో గొట్టం ఒకసారి దగ్గింది, రెండుసార్లు కొట్టుకుంది, ఆపైన సన్నగా బుసలు కొడుతూ కాగడం మొదలెట్టింది. షూయున్ అరచెయ్యి ఆనించి, కాలేదాకా తియ్యలేదు. కళ్ళలోంచి ఎందుకు కారుతున్నాయో తెలీకుండా నీళ్ళు కారాయి. పైనా కిందా ఇళ్ళల్లో ఎవరూ ఏమీ అనలేదు గానీ, కుర్చీలు గోడ దగ్గరికి లాక్కుంటున్న చప్పుడు భవనమంతా వినిపించింది. తర్వాత ఒక్కొక్కరే పింగాణీ గిన్నెల్లో కుడుముల్లాంటివి పట్టుకుని సూజెన్‌ని పరామర్శించడానికి వచ్చారు. అంత వెచ్చగా పరామర్శ జరిగిన చావు ఆ వీధిలో ఇంకోటి లేదు. ఆ వారమంతా పక్క భవనాలవాళ్ళు కూడా, దూరపు చుట్టరికాలు గుర్తుచేసుకుని, చిన్నపిల్లల్ని చంకనేసుకుని ఏడవడానికి వచ్చి మధ్యాహ్నాలు పడుకుని వెళ్ళారు. సూజెన్ దగ్గు తగ్గింది. క్యాబేజీలన్నీ అయిపోయి అసలు వసంతం వచ్చేదాకా గొట్టం కాగుతూనే ఉంది.

ఆ రోజుల్లోనే నగరం ఇంకో ఘనత సాధించింది. కొత్త సంవత్సరం జూన్‌తోనే పూర్తయింది.

కువాంగ్ అక్క ఒక ఫారం పట్టుకుని వచ్చింది. పెంగ్ అవ్వ నవంబరు ఇప్పుడు అంతకు ముందేడుదైపోయింది, దాని దస్త్రం బీరువాలోకి వెళ్ళిపోయింది. మళ్ళీ చలి వచ్చేనాటికి గొట్టం కాగాలంటే భవనానికొకరు ఈ ఏటి నవంబరులో పోయి ఉండాలి. మిగతా భవనాలు ముందే జాగ్రత్తపడి మనుషుల్ని ఎంచేసుకున్నాయి. ఇక్కడ ఇరవై నాలుగు కుటుంబాలూ సమావేశమై షూయున్ పేరు చెప్పాయి. సౌమ్యురాలు, పైగా ఇంట్లో అనుభవం ఉంది.

"నాకే జబ్బూ లేదక్కా," అంది షూయున్.

"ఆరోగ్యం అడ్డు కాదని రాశారు. ఉద్యోగం కూడా అలాగే ఉంటుంది, నువ్వు కాకపోతే వండేదెవరు? బలవంతమేమీ లేదు. సాయంత్రంలోగా సంతకం పెట్టు."

షూయున్ అత్తగారి కేసి చూసింది.

"పెట్టెయ్యవే," అంది సూజెన్, బీన్స్ తుంపుతూ. "నేను ఎనభై ఏళ్ళు బతికి ఇన్ని మాటలు మాట్లాడలేదు. పోయాకే కాస్త నోరు పెగిలింది."

షూయున్ పెన్ను తీసుకుంది. భయం వేస్తుందేమోనని కాసేపు ఎదురుచూసింది. వెయ్యలేదు. పండగ ముందు ఇల్లంతా తుడుచుకుని నడుం వాల్చినప్పటి సుఖంలాంటిదేదో భుజాల మీదుగా దిగింది. సంతకం పెట్టింది. కువాంగ్ అక్క దాని మీద ఎర్ర ముద్ర వేసి, ఊది, పుస్తకంలో షూయున్ పేరున్న పేజీని జాగ్రత్తగా చింపి ఆ ఫారంతో కలిపి పెట్టింది.

"మా అందరి సానుభూతి," అంది.

"కాంటీన్ పిండి తెల్లదే అక్కా," అంది షూయున్. "నీళ్ళే ఎర్రవి. కర్మాగారం రంగులు వదిలే కాలవలోంచే వంటకి తోడుతున్నాం. ఏడాదైంది."

కువాంగ్ అక్క కొడుకు ఆ కర్మాగారంలోనే పని చేస్తాడు. రెండు పూటలా కాంటీన్‌లోనే తింటాడు. ఆవిడ చేతిలో పెన్ను ఈసారి లేవలేదు. తలుపు దాకా వెళ్ళి, అది సరిగ్గా వేసి ఉందో లేదో చూసి, తిరిగొచ్చి సూజెన్ పక్కన పీట వేసుక్కూర్చుంది. బుట్టలోంచి నాలుగు బీన్స్ తీసుకుంది.

"నువ్వు పోయావు కాబట్టి నాకేమీ వినబడలేదు," అంది. "ఇంకోసారి చెప్పు."