సోమవారం దాకా తెరవకూడని పెట్టె

ఆ శనివారం పొద్దున టోకెన్‌గారు పెట్టుకున్న పని ఒక్కటే. సాయంత్రం నాలుగింటికి మూడేళ్ళ మనవరాలు వస్తోంది, పది రోజులు ఉంటుంది. మూత అంటూ ఉంటే అది తెరవడానికే ఉందని ఆ పిల్ల నమ్మకం. కిందటిసారి వచ్చినప్పుడు పౌడరు డబ్బా, సిరాబుడ్డి, తాతయ్య కళ్ళజోడు పెట్టె, పక్కింటివాళ్ళ పావురాల గూడు, అన్నీ తెరిచి చూసి వెళ్ళింది. కాబట్టి ఆ పిల్ల చేతికి అందే ఎత్తులో ఉన్నవన్నీ నాలుగింటిలోగా అటకెక్కించాలి.

ఆయన్ని టోకెన్‌గారని పిలవడానికి కారణం ఉంది. రైల్వే స్టేషన్‌లో ప్రయాణికుల సామాను పుచ్చుకుని టోకెన్లిచ్చే క్లోక్‌రూమ్‌కి గుమస్తాగా ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేశాడు. వచ్చే సోమవారంతో ఆ కొలువు అయిపోతుంది. ఎవరి సామానూ పోగొట్టలేదు, ఎవరి పెట్టే తెరిచి చూడలేదు. సామాను పుచ్చుకునే ముందు మాత్రం ప్రతి ఒక్కరినీ ఒకే ప్రశ్న అడిగేవాడు: "ఆయుధాలేమైనా ఉన్నాయా?" పండు ముసలమ్మ మందుల సంచీ ఇచ్చినా అదే ప్రశ్న. ఉద్యోగంలో చేరిన ఏడాది ఆయనే ఓ చెక్క పలక మీద రంగుతో రాసి కౌంటరు మీద వేలాడదీశాడు: "ఆయుధాలు, పేలుడు సామగ్రి ఇక్కడ ఉంచబడవు." కిందటి నెల పైవాళ్ళు దాన్ని పీకేసి, లైటు వెలిగే ప్లాస్టిక్ బోర్డు పెట్టారు. పాతది వేలంలో ఎవరో తీసుకుపోయారట. ఆ రాత్రి ఆయన అన్నం ముద్ద సరిగా మింగలేదు.

ఇల్లు కూడా క్లోక్‌రూమే. వీధిలో ఎవరు ఊరెళ్ళినా తాళంచెవి ఆయనకే. దర్జీవాడి పాత మిషను, ఎదురింటివాళ్ళ ఊయల, ఎవరిదో హార్మోనియం, నాలుగు సూట్‌కేసులు, ఒక నిచ్చెన. అన్నిటికీ అట్టముక్క టోకెన్లు కట్టి ఉంటాయి. సగం వస్తువుకి, సగం మనిషికి.

ఏడింటికి ఆటో ఆగింది. దిగినవాడు ఆయన భార్యకు అన్నగారు. కొండవార పండ్లతోట ఉంది కాబట్టి అందరికీ తోటబావ. ఆ రోజు ఎనిమిదింటికి ఆయనకు కంటిలో పొర తీసే ఆపరేషను. చేతిలో పొడుగాటి తోలు పెట్టె, మూలలకు ఇత్తడి తొడుగులు.

"బావా, ఇది నీ దగ్గర ఉండనీ. ఆపరేషనయ్యాక బరువులెత్తకూడదన్నారు, అందుకే ముందే తెచ్చా," అన్నాడు తోటబావ గొంతు తగ్గించి. "మా చెల్లి కంటపడనీకు. సోమవారం నేనే తెరుస్తా. అప్పటిదాకా ఎవరూ ముట్టుకోడానికి వీల్లేదు."

టోకెన్‌గారి చెయ్యి అలవాటు కొద్దీ అట్టముక్క చింపి నలభై మూడు అని రాసింది. సగం పెట్టెకు కట్టి, సగం బావ జేబులో పెట్టాడు. ఆటో వెళ్ళిపోయింది. ఆయన అడిగిన ప్రశ్న, "కాఫీ తాగి వెళ్ళకూడదా?" అన్నది ఒక్కటే.

పావుగంటలో భార్య వంటింట్లోంచి వచ్చింది. సోఫా వెనక నుంచి ఇత్తడి మూల ఒకటి మెరిసింది.

"ఏమండీ! ఇది మా అన్నయ్య తుపాకీ పెట్టె కదూ!"

"నీ కంటపడకూడదన్నాడు."

"పడిందిగా! అడవిపందుల్ని బెదరగొట్టే తుపాకీ తెచ్చి హాల్లో పెట్టుకుంటారా? సాయంత్రం పిల్ల వస్తోంది. అది ముందు ఏం తెరుస్తుందో నే చెప్పాలా?"

"తాళం ఉందిలేవే."

"పావురాల గూటికీ గొళ్ళెం ఉంది."

టోకెన్‌గారు పెట్టె పట్టుకుని ఎత్తి చూశాడు. బరువుగానే ఉంది. లోపల ఏదో చెక్క కదిలినట్టు టక్కుమంది. మళ్ళీ కింద పెట్టి రెండడుగులు వెనక్కి వేశాడు.

"నాలుగింటిలోగా ఇది గడప దాటాలి. లేదంటే పిల్లని రావద్దని నేనే ఫోన్ చేస్తా," అంది ఆవిడ. ఆ మాట అంటూనే కళ్ళు తుడుచుకుంది. మూడు నెలలుగా ఆ పది రోజుల కోసమే ఆవిడ క్యాలెండరు మీద గీతలు కొడుతోంది. తరవాత పెట్టెను చూడలేక తెల్ల దుప్పటి తెచ్చి దాని మీద కప్పేసింది.

టోకెన్‌గారు దేవుడి గూటి ముందు దీపం వత్తి సర్ది నిలబడ్డాడు. "స్వామీ, చెప్పకుండా ఇవ్వడం తప్పా, అడక్కుండా తీసుకోవడం తప్పా?" అని అడిగాడు. దేవుడు ఎప్పటిలాగే ఓపిగ్గా విన్నాడు. టోకెన్‌గారు చెప్పులేసుకుని పక్కింటికి వెళ్ళాడు.

పక్కింటాయన కోర్టులో గుమస్తాగా చేసి రిటైరయ్యాడు. చట్టం ఆయనకి సగం తెలుసు. భయపెట్టే సగం.

"తుపాకీకి లైసెన్సుందా?" అన్నాడు గుమస్తాగారు, పేపరు మడిచి.

"మా బావమరిదికి ఉంది."

"మీకుందా?"

"నాకు సైకిలుకు కూడా ఎప్పుడూ లేదండీ."

"అయితే అది మీ ఇంట్లో ఉండడమే నేరం."

"పోనీ ఆటోలో వేసుకెళ్ళి వాళ్ళ తోటలో దింపేస్తాను."

"లైసెన్సు లేనివాడు దారిన మోసుకుపోతే అది ఇంకో నేరం."

"చీకటి పడ్డాక ఏ కాలవలోనో..."

"హవ్వ! అన్నిటికన్నా పెద్దది అదే."

"మరేం చెయ్యమంటారు?"

గుమస్తాగారు పేపరు మళ్ళీ విప్పాడు. "ఏమీ చెయ్యకుండా కూర్చోండి."

"కూర్చుంటే మొదటి నేరం అన్నారుగా!"

"అదీ నిజమే," అని ఆయన ఒప్పుకున్నాడు.

టోకెన్‌గారు ఇంటికొచ్చి గడియారం చూశాడు. పన్నెండున్నర. పొద్దుట్నించి ఎన్నిసార్లు చేసినా బావ ఫోన్ కట్టేసే ఉంది. ఉంచుకోకూడదు, తీసుకెళ్ళకూడదు. ఇక మిగిలింది, తీసుకెళ్ళే హక్కున్నవాళ్ళని పిలవడం. భార్య చెయ్యి అడ్డుపెట్టింది. "మా అన్నయ్య మీదికి పోలీసుల్ని పంపుతారా?"

"మీ అన్నయ్య మీదికి కాదే. నా మీదికి," అని ఆయన పోలీసు స్టేషనుకు ఫోన్ చేశాడు. జీవితంలో మొదటిసారి.

"అయ్యా, మా ఇంట్లో తుపాకీ ఉందండీ. మా బావమరిదిది."

అవతల హెడ్ కానిస్టేబులు కుర్చీ జరిగిన చప్పుడు. "ఆ బావమరిది ఎక్కడ?"

"ఆసుపత్రిలో అండీ."

"దెబ్బ ఎక్కడ?"

"దెబ్బంటే... కంటికండీ. పొద్దున ఎనిమిదింటికి అయిపోయింది."

"అయిపోయిందా! ఎవరి పని?"

"పేరు తెలీదండీ. చెయ్యి తిరిగిన మనిషట. రోజుకి పదిమందికి తక్కువ కాకుండా చేస్తాడట."

అవతల హెడ్డు ఇంటి అడ్రసు అడిగి రాసుకున్నాడు. "నువ్వు అక్కడే ఉండు. కదిలావంటే బాగుండదు," అని ఫోన్ పెట్టేశాడు.

"మర్యాదస్తుడే. నన్ను కదలొద్దన్నాడు," అన్నాడు టోకెన్‌గారు భార్యతో.

ఈలోగా గుమస్తాగారు ఊరుకోలేదు. అరుగు మీద నిలబడి, ఎవరికీ చెప్పొద్దంటూ ఒక్కొక్కరికే చెప్పాడు. "పోలీసులొస్తున్నారు. ఇంటికి సీలు వేస్తారు. లోపలున్న వస్తువులు మళ్ళీ బయటికి రావాలంటే పదేళ్ళు."

అంతే. వీధి వీధంతా గుమ్మంలోకి వచ్చి పడింది.

"మిషను ఇచ్చేయండి మాస్టారూ, పెళ్ళి బట్టలున్నాయి!" అని దర్జీ.

"ఊయల, బాబాయ్‌గారూ, ఊయల! మా కోడలికి తొమ్మిదో నెల!" అని ఎదురింటావిడ.

"టోకెన్ ఏదమ్మా?" అన్నాడు టోకెన్‌గారు.

"ఇంకా టోకెనేమిటి! నాకు మీరు తెలీదా, మీకు నేను తెలీదా?"

"నాకు మీరు తెలుసు. ఊయలకి తెలీదుగా. టోకెన్ తెండి."

వాళ్ళు తిట్టుకుంటూ పరుగెత్తి, బియ్యం డబ్బాల్లోంచీ పుస్తకాల మధ్యలోంచీ అట్టముక్కలు వెతికి తెచ్చారు. ఆయన ఒక్కొక్కటీ జతచేసి చూసి, వస్తువు అప్పగించాడు. హార్మోనియం గడప దాటేటప్పుడు ఎవరి మోచెయ్యో తగిలి ఒక్కసారి ఏడ్చింది. రెండింటికల్లా ఇల్లు ఖాళీ, వీధి నిండా సామాను.

సరిగ్గా అప్పుడే జీపు, దాని వెనక అంబులెన్సు వచ్చి ఆగాయి. ముందు సీట్లోంచి ఇన్‌స్పెక్టరమ్మ దిగింది. నడివయసు మనిషి, చూపు నిదానం. హెడ్డు మాత్రం నిదానంగా లేడు.

"చూశారా మేడం, సామాను బయటికి చేర్చేశారు! ఇంకో అరగంటైతే పారిపోయేవాళ్ళే!" అంటూ లోపలికి దూకాడు. దూకినవాడు హాలు మధ్యలో ఆగిపోయాడు. నేల మీద తెల్ల దుప్పటి. కింద పొడుగ్గా, కదలకుండా ఏదో. హెడ్డు మెల్లగా టోపీ తీశాడు.

"ఈయన ఇంట్లోనే పోయాడా? ఆసుపత్రన్నావుగా?"

"ఎవరండీ పోయింది?" అన్నాడు టోకెన్‌గారు, ఆయనా కంగారుపడి.

అదే క్షణాన బయట ఆటో ఆగింది. కంటికి పెద్ద దూది ప్యాడు, దాని మీద ప్లాస్టరుతో తోటబావ దిగాడు. చెల్లెలింట్లో రెండు రోజులు పడుకుందామని వచ్చిన మనిషి. వీధిలో ఊయలనీ, హార్మోనియాన్నీ, అంబులెన్సునీ ఒంటికన్నుతో చూశాడు.

"ఏంట్రా ఇదంతా?" అన్నాడు దర్జీతో.

"నిన్ను కాల్చారుట కదా, పెద్దాయనా!"

"నన్నా? ఎవరు?"

"మీ బావేట!"

తోటబావ లోపలికొచ్చి కుర్చీలో కూలబడ్డాడు. ఇన్‌స్పెక్టరమ్మ దుప్పటి తీయించి, పెట్టెను చూసి, అందరినీ గోడవారకి జరగమంది. "ఎవరూ ముట్టుకోకండి. గుండ్లున్నాయో లేదో తెలీని తుపాకీని ఉన్నాయనే అనుకోవాలి. పెద్దాయనా, తాళం ఇవ్వండి."

"ఇవ్వను," అన్నాడు తోటబావ. "సోమవారం దాకా తెరవకూడదు."

"సోమవారం ఏం చెయ్యబోతున్నారు?" అని హెడ్డు లాఠీ బిగించాడు.

"అది బావ ముందు చెప్పేది కాదు."

"అన్నయ్యా!" అంది చెల్లెలు. "ఇంకో రెండు గంటల్లో పిల్ల వస్తుంది. ఇది ఇంట్లో ఉంటే దాన్ని గడప తొక్కనివ్వను. మనవరాలు కావాలో తుపాకీ కావాలో నువ్వే చెప్పు."

తోటబావ నిట్టూర్చి, మొలలోంచి తాళంచెవి తీశాడు. టోకెన్‌గారు చెయ్యి అడ్డం పెట్టాడు.

"నలభై మూడు," అన్నాడు మెల్లగా. "టోకెన్ ఇస్తేనే."

తోటబావ జేబులోంచి అట్టముక్క తీసి ఆయన చేతిలో పెట్టాడు. అంచులు కలిశాయి.

ఇన్‌స్పెక్టరమ్మ స్వయంగా తాళం తీసింది. లోపల పాత రగ్గు చుట్టిన పొడుగాటి వస్తువు. జాగ్రత్తగా మడత మీద మడత విప్పింది. చెక్క పలక. కొత్తగా నూనె పట్టించి తోమినట్టుంది, అక్షరాల మీద సరికొత్త రంగు. ఆవిడ పైకే చదివింది.

"ఆయుధాలు, పేలుడు సామగ్రి ఇక్కడ ఉంచబడవు."

టోకెన్‌గారు ముందుకొచ్చి, మొదటి 'ఆ' మీద చెయ్యి వేశాడు. ఆ అక్షరం రాసిన రోజు తన వయసు ఇరవై తొమ్మిది.

"వేలంలో నేనే పాడుకున్నా బావా," అన్నాడు తోటబావ, తప్పు దొరికినవాడిలా. "సోమవారం నువ్వు పని ముగించి ఇంటికొచ్చేసరికి గుమ్మం మీద కట్టి చూపిద్దామని. ఇంకే పెట్టెలో పెట్టినా మా చెల్లి తెరుస్తుంది. దీన్నైతే తెరవదని ఇందులో పెట్టా."

"మరి తుపాకీ?" అంది ఇన్‌స్పెక్టరమ్మ.

ఆయన పర్సులోంచి మడత కాగితం తీశాడు. "పది రోజులైందమ్మా, లైసెన్సున్న తుపాకుల కొట్లో అప్పజెప్పి రసీదు తీసుకున్నా. గుండ్లు విడిగా రాయించా. నేను ఆసుపత్రిలో ఉంటే అది ఒంటరిగా తోటింట్లో ఉండకూడదుగా? చుట్టాల దగ్గర పెడితే వాళ్ళని ఇరికించినట్టేగా? మా బావ లాంటి అమాయకుడి దగ్గర పెడతానా?"

ఇన్‌స్పెక్టరమ్మ రసీదు రెండుసార్లు చదివి తిరిగి ఇచ్చేసింది. టోకెన్‌గారి వైపు తిరిగింది.

"మీరు పిలిచి మంచి పనే చేశారు. దాచలేదు, మొయ్యలేదు, పారెయ్యలేదు. కానీ పుచ్చుకునేటప్పుడే ఇందులో ఏముందని ఒక్క మాట అడగాల్సింది."

"ముప్పై ఒక్క ఏళ్ళు అడిగానమ్మా, ముక్కూమొహం తెలీనివాళ్ళని. ఇవాళే అడగలేదు."

"ఎందుకని?"

"మనవాడు కదా అని."

ఆవిడ నవ్వలేదు. "మా దగ్గరికొచ్చే కేసుల్లో సగం ఈ మాటతోనే మొదలవుతాయి," అని హెడ్డుని టోపీ పెట్టుకోమంది. వెళ్తూ వెళ్తూ, అరుగు మీద ఇంకా ఎవరికో చట్టం చెబుతున్న గుమస్తాగారి దగ్గర ఒక్క నిమిషం ఆగి ఏదో అంది. ఆయన ఆ తరవాత వారం రోజులు పేపరు ఇంట్లోపలే చదువుకున్నాడు.

మూడున్నరకు వీధి మళ్ళీ కదిలింది. తీసుకెళ్ళిన వస్తువులన్నీ, కొంచెం సిగ్గుతో, వెనక్కి రాసాగాయి. దర్జీ నిచ్చెన వేసి బోర్డును గుమ్మం మీద కట్టాడు. టోకెన్‌గారు దాని కింద కుర్చీ వేసుకుని, కొత్త అట్టముక్కలు చింపుతూ, మిషనునీ ఊయలనీ హార్మోనియాన్నీ ఒకే ప్రశ్న అడిగి లోపలికి పంపాడు. తోటబావ లోపల పడుకుని, చెల్లెలు కలిపి తినిపిస్తుంటే చిన్నపిల్లాడిలా నోరు తెరుస్తున్నాడు. తిడుతూనే తినిపిస్తోంది ఆవిడ.

నాలుగింటికి మనవరాలు దిగింది. వీపున తన సైజు సంచీ. తాతయ్య కుర్చీ ముందు ఆగి, బోర్డు వైపు తలెత్తి చూసింది.

"ఆయుధాలేమైనా ఉన్నాయా?" అన్నాడు టోకెన్‌గారు, గొంతు సవరించుకుని.

ఆ పిల్ల ఎంతో నిజాయితీగా సంచీ జిప్పు లాగి, నీళ్ళు చిమ్మే ఎర్ర ప్లాస్టిక్ తుపాకీ తీసి, గుండ్లు నిండుగానే ఉన్నాయని తాతయ్య చొక్కా మీద నిరూపించింది.

ఆ రోజు ఆ ఇంటికి వచ్చిన తుపాకీ అదొక్కటే.