పరీక్ష తప్పడానికి పడ్డ తిప్పలు

ఆ ఉదయం స్టోర్ కీపరు వేసుకున్న ప్లాను చాలా చిన్నది. డ్రైవింగ్ టెస్టుకి వెళ్ళాలి, ఫెయిలవ్వాలి, ఇంటికొచ్చి పడుకోవాలి.

లోకంలో అందరూ పాసవ్వడానికి తంటాలు పడతారు. ఈయన మాత్రం ఫెయిలవ్వడానికి రాత్రంతా ఆలోచించాడు. దీనికంతటికీ కారణం వాళ్ళ మేనేజరు. పైపులు తయారుచేసే ఆ కంపెనీ ఊరికి చాలా దూరం. మేనేజరు గారి మోకాలికి ఆపరేషనై, కారు నడపవద్దన్నాడు డాక్టరు. పక్క వీధిలోనే ఉండే స్టోర్ కీపరు మీద అప్పుడు పడింది ఆయన దృష్టి.

"లైసెన్సు తెచ్చేసుకోవయ్యా. నా కారు నువ్వే నడుపుదువుగాని. పొద్దునా సాయంత్రం ఇద్దరం కబుర్లు చెప్పుకుంటూ వెళ్ళొచ్చు" అన్నారు ఆయన, భుజం మీద చెయ్యి వేసి.

ఇద్దరం అన్నది మర్యాదకి అన్న మాట. కబుర్లు ఆయనే చెబుతారు. కిడ్నీలో రాయి ఎలా కరిగిందో మొదలుపెడితే, రాయి కరుగుతుంది గాని కథ కరగదు. ఆయన వస్తున్నారని తెలిస్తే ఆఫీసులో టీ సగం తాగినవాళ్ళు కూడా గ్లాసు వదిలేసి లేచిపోతారు.

స్టోర్ కీపరుకి జీవితంలో ఉన్న సుఖమల్లా ఒక్కటే. పొద్దున్నే మొదటి స్టాపులో బస్సెక్కి, కిటికీ పక్క సీటు చూసుకుని, కండక్టరు తట్టిలేపేదాకా నిద్రపోవడం. ఇంట్లో పిల్లల గోల, స్టోర్సులో లారీల గోల. మధ్యలో ఆ కాస్త నిద్రే ఆయన సొంత ఆస్తి. అది కూడా పోతే మనిషి బతికేదెట్లా? మేనేజరు ముఖం మీద కాదనే ధైర్యం లేదు. నోటితో కాదనలేనిది కాలితో కాదనవచ్చు, క్లచ్చు ఉందిగా అనుకున్నాడు.

భార్య లెక్క వేరు. "మేనేజరు గారి పక్కన కూర్చుని ఆఫీసుకి వెళ్ళడమంటే మాటలా? మీరు పాసవ్వకుండా ఇంటికి రావద్దు" అని చెప్పి మరీ పంపింది.

ముందు జాగ్రత్తగా కళ్ళజోడు ఇంట్లోనే దిండు కింద దాచి వెళ్ళాడు. టెస్టు జరిగే ఆవరణలో ఇన్‌స్పెక్టరు దూరంగా ఉన్న బోర్డు చూపించి చదవమన్నాడు.

"కనబడట్లేదండీ" అన్నాడు స్టోర్ కీపరు సంతోషంగా.

"కళ్ళజోడు తెచ్చుకుని ఇంకోరోజు రండి" అని ఇన్‌స్పెక్టరు అంటూండగానే గేటు దగ్గర ఆటో ఆగింది. దాంట్లోంచి భార్య పరుగున దిగింది.

"ఏమండీ! దిండు కింద పెట్టి మర్చిపోతారా ఎవరైనా? పక్క దులుపుతుంటే దొరికింది కాబట్టి సరిపోయింది!" అంటూ తనే ఆయన ముక్కు మీద జోడు తగిలించింది. బోర్డు మీది అక్షరాలన్నీ నిగనిగలాడుతూ కనబడ్డాయి. స్టోర్ కీపరు పళ్ళు నూరుతూ చదివాడు.

స్టోర్ కీపరు నేర్చుకున్న డ్రైవింగ్ స్కూలు కారులోనే ఇన్‌స్పెక్టరు పక్కన కూర్చుని రోడ్డు మీదికి పోనివ్వమన్నాడు. సందు మలుపు తిరగగానే ఆయన ఏ కారణమూ లేకుండా బ్రేకు మీద నిలబడ్డంత పని చేశాడు. ఇన్‌స్పెక్టరు నుదురు వెళ్ళి అద్దానికి తగిలింది. తిట్లు పడతాయని ఆశగా చూస్తుంటే, ఆయన కిందికి దిగి కారు ముందు వంగి చూశాడు. చక్రానికి జానెడు దూరంలో మూత లేని మ్యాన్‌హోలు నోరు తెరుచుకుని ఉంది.

"ఇది మీకెలా కనబడిందండీ?"

"నాకేం కనబడలేదండీ. నిజంగా!"

"పైగా వినయం కూడానా" అని మెచ్చుకున్నాడు ఇన్‌స్పెక్టరు.

అయ్యవారిని చేయబోతే కోతి అయిందని సామెత. ఇక్కడ కోతిని చేయబోతే అయ్యవారు తయారవుతున్నాడు. చౌరస్తాలో పచ్చ దీపం వెలిగినా స్టోర్ కీపరు కదలకుండా కూర్చున్నాడు. వెనక హారన్లు చెవులకి చిల్లులు పొడిచాయి. "పోనివ్వండి, పోనివ్వండి" అని ఇన్‌స్పెక్టరు అరుస్తూండగా, పక్క రోడ్డు నుంచి ఒక నీళ్ళ ట్యాంకరు ఎర్ర దీపాన్ని ఖాతరు చెయ్యకుండా వాళ్ళ ముందు నుంచి దూసుకుపోయింది. ఇన్‌స్పెక్టరు చెమట తుడుచుకుని, స్టోర్ కీపరు వైపు భక్తిగా చూశాడు.

స్టోర్ కీపరుకి ఒళ్ళు మండిపోయింది. ఇక లాభం లేదని నోరు తెరిచి అడిగేశాడు. "సార్, నాకు డ్రైవింగు రాదు. దయచేసి నన్ను ఫెయిల్ చెయ్యండి."

"వచ్చు వచ్చన్నవాళ్ళంతా లైసెన్సు పుచ్చుకుని పోయి గోడల్ని గుద్దుతున్నారు" అన్నాడు ఇన్‌స్పెక్టరు బరువుగా. "రాదని ఒప్పుకున్న మనిషిని ఇవాళే చూశాను. అసలు మీలాంటివాళ్ళకే ఇవ్వాలండీ బండి."

ఏం మనిషండీ ఆ ఇన్‌స్పెక్టరు! ప్రాధేయపడినా కనికరం లేదు.

ఆవరణలోకి తిరిగి వచ్చాక, "ఇక రివర్సు ఒక్కటే మిగిలింది. అదీ లాంఛనమే. టీ తాగొస్తాను, కూర్చోండి" అని ఇన్‌స్పెక్టరు వెళ్ళాడు. బెంచీ మీద ఉన్న భార్య ఆ మాట విన్నది. విని ఊరుకుంటుందా? వెంటనే మేనేజరుకి ఫోను చేసింది. "పాసైపోయినట్టే సార్! ఇన్‌స్పెక్టరు గారే తన నోటితో అన్నారు!"

ఇన్‌స్పెక్టరు టీ గ్లాసుతో తిరిగి వచ్చి, "ఆ డ్రమ్ముల మధ్యకి వెనక్కి పోనివ్వండి" అన్నాడు. స్టోర్ కీపరు రివర్సు గేరు వేసి వెనక్కి చూశాడు. అప్పుడే గేట్లోంచి మేనేజరు గారి కారు వచ్చి ఆగింది. ఆ పక్కనే ఇన్‌స్పెక్టరు గారి కొత్త స్కూటరు. మేనేజరు కారు దిగి, ముఖమంతా నవ్వు చేసుకుని, తాళాలు పైకెత్తి గలగలలాడించారు.

ఇవాళే! ఇప్పుడే తాళాలు చేతిలో పెట్టేస్తారన్నమాట! ఇదే ఆఖరి అవకాశం. స్టోర్ కీపరు కళ్ళు మూసుకుని, స్టీరింగు అడ్డదిడ్డంగా తిప్పి, యాక్సిలరేటరు అదిమాడు.

కారు డ్రమ్ముని గుద్దింది. డ్రమ్ము దొర్లుకుంటూ పోయి స్కూటరుని గుద్దింది. స్కూటరు ఒరిగి మేనేజరు గారి కారు తలుపు మీద పడింది. ఇన్‌స్పెక్టరు చేతిలో టీ ఆయన చొక్కా మీదే పడింది.

"ఫెయిల్!" అని గావుకేక పెట్టాడు ఇన్‌స్పెక్టరు. "మళ్ళీ ఎప్పుడు రావాలో నా స్కూటరు బాగయ్యాక చెప్తాను!"

ఎంత చల్లని మాట! స్టోర్ కీపరు కారు దిగి, తల వంచుకుని మేనేజరు ముందు నిలబడ్డాడు. "క్షమించండి సార్. మీ కారు..."

"కారుదేముందయ్యా, రేకు" అన్నారు మేనేజరు. "నువ్వు దిగులుపడకు. అసలు సంగతి విను. ఈ కారు ఇక్కడికి ఎవరు నడుపుకొచ్చారనుకున్నావ్? నేనే! మోకాలు బాగైపోయింది, నడుపుకోవచ్చన్నాడు డాక్టరు. అది చెబుదామనే తాళాలు ఊపాను. ఇక నీకు నా గొడవ లేదు. నువ్వు పాసైనా మునుపటిలాగే హాయిగా బస్సులో వచ్చుండేవాడివి."

స్టోర్ కీపరు దొర్లిపడిన డ్రమ్ము మీద కూలబడ్డాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళు చూసి మేనేజరు మనసు కరిగిపోయింది.

"ఏడవకయ్యా. నా కోసం నేర్చుకోబోయి నలుగురిలో పరువు పోగొట్టుకున్నావు. నిన్నిలా వదిలేస్తానా? నువ్వు పాసయ్యేదాకా నేనే నేర్పిస్తాను. రోజూ తెల్లవారుజామున రోడ్లు ఖాళీగా ఉంటాయి. అటు నుంచి అటే నా కారులో ఆఫీసుకి పోదాం. సాయంత్రం మళ్ళీ పాఠం."

"ఎంత మంచివారండీ మీరు!" అన్నది భార్య కళ్ళొత్తుకుంటూ. "చీకటితోనే లేపి పంపిస్తాను సార్."

పెనం మీంచి పొయ్యిలో పడటం అంటే ఏమిటో స్టోర్ కీపరుకి మర్నాడు కోడి కూయకముందే తెలిసింది. "ముందు అద్దం సరిచేసుకో" అన్నారు మేనేజరు పక్క సీట్లో సర్దుకుని కూర్చుంటూ. "అద్దమంటే గుర్తొచ్చింది, నేను హెడ్డాఫీసులో ఉన్నప్పుడు ఏమైందంటే..."

స్టోర్ కీపరుకి పెద్ద ఆవలింత వచ్చింది గాని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడానికి వీల్లేకపోయింది, రెండు చేతులూ స్టీరింగు మీదే ఉండాలని రూలు.