కట్టెలకు చలి

కొండగరువులో కట్టెలకు చలి వేస్తుంది. ఈ సంగతి సర్కారు గుర్తించి చాలా ఏళ్లయింది కాబట్టి ఆ ఊళ్లో ఎవరూ దాన్ని వింతగా చెప్పుకోరు. పచ్చి కట్టె చలికి బిగుసుకుపోతే లోపలి చెమ్మ బయటికి రాదు. చెమ్మ పోకపోతే ఎండదు. ఎండని కట్టెను పొయ్యిలో పెడితే ఇల్లంతా పొగ. అందుకని కట్టెల సంక్షేమ శాఖ వారు ఊరి అడితికి ఒక తనిఖీ అధికారిని వేశారు. చలికాలం పొడుగునా కట్టెలను వెచ్చగా ఉంచడం పౌరుల బాధ్యత. మనుషుల చలి ఏ శాఖ కిందికి వస్తుందో మాత్రం ఇంకా తేలలేదు.

తవిటినాయుడు బస్టాండు దగ్గర దుప్పట్లు అమ్ముతాడు. కొనేది మనుషులే అయినా కప్పుకునేవి కట్టెలు. రంగు బాగాలేదని అవి వెనక్కి పంపవు కనక అతనికి ఆ బేరమే ఇష్టం.

పుష్యమాసంలో అతని భార్య పైడమ్మ ఆడపిల్లను కన్నది. తల్లి లేని మనిషి కాబట్టి పురుడు అత్తారింట్లోనే పోశారు. అత్త అసిరమ్మ బాలింత చెవుల్లో దూది పెట్టి, తలకు గుడ్డ కట్టి, కిటికీ సందుల్లో పాత చీరలు కుక్కింది. అయినా పసిదాని పాదాలు మాటిమాటికీ నీలంగా మారుతున్నాయి. మంచం కింద కుంపటి ఉంటే తప్ప బిడ్డ దక్కదని అసిరమ్మ తేల్చేసింది. కుంపట్లో నిప్పులకు ఎండు కట్టెలు కావాలి. నాయుడు అడితికి పరుగెత్తాడు.

తనిఖీ అధికారి భానోజీరావు మర్యాదస్తుడు. కుర్చీ వేసి, కట్టెలు ఎవరి కోసమని అడిగాడు. బాలింతకూ బిడ్డకూ అని చెబితే నిజంగానే బాధపడ్డాడు. ఎండు కట్టెలను పచ్చి కట్టెలు ఆరబెట్టడానికి తప్ప ఇవ్వడానికి వీల్లేదని, తాను కూడా ఇంట్లో స్వెట్టరు మీద స్వెట్టరు వేసుకుని తిరుగుతున్నానని చెప్పుకున్నాడు. నాయుడు కాళ్లావేళ్లా పడ్డాక ఒక ఉపాయం చెప్పాడు. బండెడు పచ్చి కట్టెలు కొని ఇంట్లో పెట్టుకుంటే, వాటిని వెచ్చగా ఉంచడానికి ఎండు కట్టెలు శాఖే పంపుతుంది. నాయుడికి ఇది సబబుగానే తోచింది.

బాలింత గదిలో నులక మంచం మీద పచ్చి కట్టెలు పడుకున్నాయి. కింద కుంపటి, పైన దుప్పటి. పురుళ్లు పోసిన అలవాటు కొద్దీ అసిరమ్మ వాటికి సాంబ్రాణి పొగ కూడా వేసి, సన్నటి పేళ్లను గాలి తగలకుండా లోపలివైపు సర్దింది. మనుషుల ఊపిరి సోకితే కట్టెకు చెమ్మ పడుతుంది కాబట్టి ఎవరైనా బారెడు దూరంలో ఉండాలని నియమం. పైడమ్మ గోడవార చాప మీద బిడ్డను పొట్టకు అదుముకుని, కట్టెలు వెచ్చబడటం చూస్తూ కూర్చుంది. చూడవచ్చిన ఇరుగుపొరుగు వాళ్లు ఎప్పటికైనా ఎండకపోతాయా అని ధైర్యం చెప్పి వెళ్లారు. వాళ్ల ఇళ్లలోనూ అదే వరస.

ఒక పొద్దున పసిది పాలు తాగడం మానేసింది. అసిరమ్మకు ఒళ్లు మండింది. కోడలినీ మనవరాలినీ తెచ్చి మంచం మీద కట్టెల మధ్య వరసలో పడుకోబెట్టి దుప్పటి కప్పేసింది. మధ్యాహ్నం భానోజీరావు తనిఖీకి రానే వచ్చాడు. చేతికర్రతో ఒక్కో కట్టెనూ తట్టి చెవి ఒగ్గి వినడం అతని పని. ఎండింది ఖంగున మోగుతుంది, పచ్చిది పలకదు. తట్టుకుంటూ వచ్చి పైడమ్మ భుజం తట్టాడు. పలకలేదు. పసిదాన్ని మాత్రం కర్ర పక్కన పెట్టి వేలితో తట్టాడు. అది కేరుమంది.

“ఇది మరీ పచ్చిది. దీనికి ఇంకా వేడి కావాలి,” అన్నాడు.

నాయుడింటి కోటా పెరిగింది. నాలుగు రోజులు తిరగకుండానే పసిదాని పాదాలు ఎర్రబడ్డాయి, పాలు తాగింది, చక్కగా నిద్రపోయింది. నాయుడికి అంత సంతోషం పెళ్లినాడు కూడా కలగలేదు. శాఖను తిట్టిన వాళ్లతో పనిగట్టుకుని పోట్లాడాడు కూడా.

చలి ముదిరింది. అసిరమ్మ పళ్లు టకటకలాడుతుంటే పైడమ్మే జరిగి మంచం మీద చోటిచ్చింది. తర్వాతి తనిఖీలో భానోజీరావు కర్ర ముసలామె వీపు మీద పడింది. ఖంగుమంది. అతను నమ్మలేక మళ్లీ తట్టాడు. వీధిలోకి వినిపించేలా మోగింది. ఇంత చక్కగా ఆరిన సరుకు తన సర్వీసులో చూడలేదని మెచ్చుకుని, పొద్దున్నే బండి పంపుతానన్నాడు.

“అది మాయమ్మ బాబూ,” అన్నాడు నాయుడు.

“తెలుసు నాయుడూ. ఎండినదాన్ని ఇంట్లో ఉంచుకుంటే నీ కోటా ఆగిపోతుంది. ఎవరింట్లోనో పచ్చివి వణుకుతూ ఉంటాయి కదా.”

నాయుడు కుదరదని చెప్పడానికి నోరు తెరిచాడు. అతని కళ్లు అతనికి తెలియకుండానే పసిదాని పాదాల మీదికి పోయాయి. అసిరమ్మ ఆ చూపును పట్టుకుంది. తను ఎటు చూశాడో ఆమె చూసిందని తెలిసి నాయుడు సిగ్గుతో చితికిపోయాడు. అయినా తెరిచిన నోరు మూసుకున్నాడు.

“నానెల్లే ఇంట్లో పసిబిడ్డ ఉందేటి బాబూ?” అని అసిరమ్మ అధికారిని అడిగింది. ఉందన్నాడు. అయితే సరేనంది. పొద్దున బండి రాగానే తన దుప్పటి తీసి కోడలి మీద కప్పి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఎక్కి కూర్చుంది. నాయుడు వీధి చివరిదాకా బండి వెంట నడిచాడు. ఆమె వెనక్కి తిరిగి, లోపల బాలింత ఒంటరిగా ఉంది పొమ్మని చెయ్యి ఊపింది.

ఆ మర్నాడు నాయుడింటికి రావలసిన ఎండు కట్టెలు వచ్చాయి. బండి మీద, మొద్దుల పైన, ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. ఉతికిన పంచె కట్టుకుని, నున్నగా గడ్డం గీయించుకుని ఉన్నాడు. ఏ వీధివాడో, ఎవరి తండ్రో నాయుడు అడగలేదు. చెయ్యి అందించి జాగ్రత్తగా కిందికి దింపాడు.

“పొయ్యి ఎటేపు బాబూ?” అన్నాడు ముసలాయన.

నాయుడు చూపించాడు. “గుమ్మం పొట్టిది, తల జాగర్త,” అన్నాడు. ముసలాయన వంగి లోపలికి వెళ్లాక, పసిదానికి చలిగాలి తగలకుండా తలుపు వేశాడు.